కారిన ప్యాకింగు, కానరాని హేతువు

శ్రీ గురుభ్యో నమః.

ఈ పర్యాయం శాస్త్రచర్చకు ముందు ఒక స్వానుభవాన్ని నివేదించుకుంటాను. అది ఒక పాత కారుకు సంబంధించినది. విషయం కేవలం లౌకికం. అయినను అది నా చేత ఒక అపరాధం చేయించి, పిమ్మట పతంజలి మహర్షి మాట ఒకదానిని నాకు మొదటిసారిగా అర్థం చేయించింది గనుక ఇక్కడ వ్రాస్తున్నాను.

మా నివాసం శామీర్‌పేట పెద్దచెరువుకు సమీపంలో ఉన్నది. మా తండ్రిగారు 1997లో కొన్న మారుతి 800 కారు నేటికీ మా ఇంటి ముంగిట నిలిచి ఉన్నది. మూడు సిలిండర్లు, 796 సీసీ ఇంజిను గల చిన్న వాహనం. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఈ కార్ల తయారీ 2014 జనవరిలో ముగిసింది. మా బండికి తొలి పదునైదేండ్ల రిజిస్ట్రేషను తీరిన నాటినుండి ఐదేండ్లకొకమారు పునరుద్ధరించుకుంటూ వస్తున్నాను. తండ్రిగారు పరమపదించిన తరువాత దానిని అమ్మడానికి మనస్సు అంగీకరించలేదు. ఉద్యోగ విరమణానంతరం దాని ఉపయోగం ఒక్కటే. ప్రతిదినం ఉదయం అలియాబాదులోని రత్నాలయానికి వెళ్ళి, వేంకటేశ్వరస్వామిని సేవించుకొని తిరిగి రావడం. రానుపోను పట్టే కాలం స్వల్పం.

గత మాఘమాసంలో ఒకనాటి ఉదయం బండి క్రింద సిమెంటు నేలపై నల్లని చమురు బొట్లు కనబడ్డాయి. నడుపుతున్నప్పుడు కాలిన వాసన కూడా వచ్చింది. పదునైదేండ్లుగా ఈ బండిని బాగుచేస్తున్న మెకానిక్ మేడ్చల్‌లో ఉన్నాడు. అతడు చూసి, ఇంజిను పైనుండే టాపెట్ కవరు ప్యాకింగు గట్టిపడి చీలిందనీ, అక్కడినుండి కారిన ఆయిలు వేడి సైలెన్సరు గొట్టం మీద పడి కాలుతున్నదనీ చెప్పి, క్రొత్త ప్యాకింగు వేశాడు. పది దినాలు గడవకముందే మరల బొట్లు.

నేను మేడ్చల్ వెళ్ళాను. అక్కడ మరి నలుగురు గిరాకీలు కూర్చొని ఉన్నారు. అతడు ఏదో చెప్పబోయాడు. నేను వినలేదు. నాసిరకం సరుకు వేశావన్నాను. వృద్ధుణ్ణి మోసగించావన్నాను. అతడు మౌనంగా లోనికి వెళ్ళి, నేనిచ్చిన సొమ్ము తెచ్చి నా చేతిలో పెట్టాడు. నేను దానిని లెక్కించి మరీ జేబులో వేసుకున్నాను.

ఆ సాయంకాలమే మా కాలనీ గీతాసత్సంగంలో, క్రోధం మానవుణ్ణి క్రమంగా బుద్ధినాశానికి ఎట్లు కొనిపోతుందో రెండవ అధ్యాయం ఆధారంగా గంటసేపు వివరించాను. శ్రోతలు తలలూపారు. నాకు మాత్రం ఏమీ తోచలేదు.

ఇక ఎవరి సాయమూ వలదని, పాలిటెక్నిక్ చదువుతున్న మా మనుమణ్ణి వెంటబెట్టుకొని ఇంటివద్దనే ఆ పనికి పూనుకున్నాను. ఇంజిను పూర్తిగా చల్లారేవరకు ఆగి, బ్యాటరీ తీగ విప్పాము. ప్లగ్గుల తీగలు ప్రక్కకు తొలగించి, పానాతో కవరు బోల్టులు విప్పాము. కవరు అతుక్కొని కదలకపోతే స్క్రూడ్రైవరుతో పెకలించబోయాను. మనుమడు వారించాడు. "తాతా, క్రింద ఉన్నది అల్యూమినియం. గీత పడితే ఆ గీతలోంచే ఆయిల్ కారుతది" అన్నాడు. చెక్కసుత్తితో మెల్లగా తట్టగా కవరు ఊడివచ్చింది. లోపలి భాగాలపై చెత్త పడకుండా శుభ్రమైన గుడ్డ కప్పి, పాత ప్యాకింగు తునకలను ప్లాస్టిక్ రేకుతో గీకి, రెండు అంచులనూ పెట్రోలు తడిపిన బట్టతో తుడిచి ఆరనిచ్చాము. క్రొత్త రబ్బరు ప్యాకింగును గాడిలో కూర్చోబెట్టి, బోల్టులను ఒక్కటొక్కటిగా కాక, కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించాము. నా బలమంతా ప్రయోగించాలని చూశాను. అధికంగా బిగిస్తే రబ్బరు నలిగి ప్రక్కకు జారుతుందని, మెత్తగా పట్టితే చాలునని అతడు మరల ఆపవలసి వచ్చింది.

ఆ రాత్రి నాకు మహానందం కలిగింది. మేడ్చల్ మెకానిక్ చేయలేనిది నేను చేశానన్న అహంకారమే ఆ ఆనందమని ఇప్పుడు తెలుస్తున్నది.

తొమ్మిదవ దినాన నేలపై మరల చమురు బొట్టు.

మనుమడు నవ్వి, "తాతా, ఇప్పుడు ఎవరిని కోప్పడాలె?" అన్నాడు. నా వద్ద సమాధానం లేదు. సరుకు నేను ఎంచి కొన్నదే. బిగించినవి నా చేతులే.

ఆ దినాలలో యోగసూత్రాల సాధనపాదం, వ్యాసభాష్య సహితంగా పఠిస్తున్నాను. అందులో భాష్యకారులు యోగశాస్త్రాన్ని వైద్యశాస్త్రంతో పోల్చారు. రోగం, రోగహేతువు, ఆరోగ్యం, ఔషధం అని వైద్యానికి నాలుగు అంగాలు. అట్లే సంసారదుఃఖం, దాని హేతువు, దానినుండి ముక్తి, ముక్త్యుపాయం అని ఈ శాస్త్రానికి నాలుగు. దీనినే చతుర్వ్యూహమంటారు. పతంజలి హేతువును చెప్పి అక్కడ ఆగలేదు. ద్రష్టకు దృశ్యంతో ఏర్పడిన సంయోగం దుఃఖహేతువు. ఆ సంయోగానికి హేతువు అవిద్య. హేతువుకు హేతువును కూడా చూపించాడు. ఈ భాగాన్ని నేను ఎన్నో పర్యాయాలు చదివాను, ఇతరులకు చెప్పాను. ఆనాడు మాత్రం పుస్తకం మూసి బండి వద్దకు వెళ్ళాను.

కారడం రోగం. మేమిద్దరమూ మార్చినది రోగస్థానాన్ని. హేతువును ఎవరు చూశారు?

మనుమడు తన పాఠ్యపుస్తకం చూసి వివరించాడు. సిలిండరులో ఇంధనం మండినప్పుడు వాయువు కొంత పిస్టను ప్రక్కలనుండి ఇంజిను అడుగుభాగంలోనికి జారుతుంది. అది బయటికి పోవడానికి టాపెట్ కవరు నుండి ఎయిర్ ఫిల్టరు డబ్బాకు ఒక రబ్బరు గొట్టం ఉంటుంది. అది మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, ఎక్కడ సంధి బలహీనమో అక్కడనుండి చమురును నెట్టుతుంది. గొట్టం విప్పి చూస్తే, నల్లని జిడ్డుమడ్డితో నిండా పూడిపోయి ఉన్నది.

మరి దానికి హేతువేమి? ప్రయాణం మరీ చిన్నదైతే ఇంజిను తగినంత వేడెక్కదు. లోపల చేరిన తేమ ఆవిరై పోక, చమురుతో కలిసి మడ్డి కడుతుంది. ఏళ్ళ తరబడి గుడివరకు మాత్రమే నడిపి, బండిని ఎంతో సుకుమారంగా చూసుకుంటున్నానని నేను మురిసిపోయాను. బండి మీద మమకారమే దానికి ఊపిరి ఆడనివ్వలేదు. హేతువుకు హేతువు నేనే.

గొట్టాన్ని కడిగి శుభ్రపరచి, ఇంజిన్ ఆయిలునూ ఆయిలు ఫిల్టరునూ మార్చాము. ప్యాకింగును ముట్టుకోలేదు. దాని అంచులు పైపైన తుడిచామంతే. ఇరువది దినాలు గడిచినా నేల పొడిగానే ఉన్నది.

ఆ ఆదివారం సొమ్ము తీసుకొని మేడ్చల్ వెళ్ళాను. ఆనాడు కూడా గిరాకీలు ఉన్నారు. నలుగురిలో అన్న మాటకు నలుగురిలోనే మన్నింపు కోరడం ధర్మమని తోచింది. "తమ్ముడూ, తప్పు నాది. నీ పనిలో లోపం లేదు. అనరాని మాటలన్నాను, మన్నించు" అన్నాను. జరిగినదంతా చెప్పాను.

అతడు చేతులు తుడుచుకుంటూ విన్నాడు. "మళ్ళ కారిందనంగనే నాకు గాలి పైపు మీదనే అనుమానమొచ్చింది సార్. చెప్దామనుకున్న. మీరు కోపంల ఉంటిరి, చెప్పనియ్యలే" అన్నాడు.

ఆ మాటకు నేను తలవంచుకున్నాను. ఆయన చెప్పబోయిన ఆ ఒక్క వాక్యానికి దారి మూసినదీ నేనే. తండ్రిగారు పోయిన దుఃఖం, విరమణానంతరం ఎవరికీ అక్కరలేనివాడనైతినన్న వ్యథ, ఇవన్నీ లోపలే ఉంచుకొని, సత్సంగంలో ప్రసన్నవదనంతో ఉపన్యసించాను. అవి ఎక్కడో ఒకచోట బయటపడక తప్పదు. తిరిగి మాట అనలేని మనిషి ఎదుట బయటపడ్డాయి. క్రోధం వద్దని ఎన్నిసార్లు బోధించుకున్నా అది పైన ప్యాకింగు మార్చడమే. లోపలి ఒత్తిడిని విచారించి, దాని మూలమైన మమకారాన్ని గుర్తించనిదే ఆ బొట్టు ఆగదు.

అతడు సొమ్ము తీసుకున్నాడు. బానెట్ ఎత్తి, టాపెట్ కవరు చుట్టూ వ్రేలు త్రిప్పి చూసి, "ప్యాకింగ్ మంచిగ కూసుంది సార్" అన్నాడు.

ఇప్పుడు వారానికొకమారు మేడ్చల్ మీదుగా తూప్రాన్ వరకు బండి నడిపి వస్తున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఆ మెకానిక్ వద్ద కాసేపు ఆగుతాను. ఎక్కువగా అతడే మాట్లాడుతాడు, నేను వింటాను.

శ్రీకృష్ణార్పణమస్తు.