కూలిన స్తంభం చూపిన దారి

పిల్లలూ! గూడూరు అనే పేరుగల ఊళ్లు మన తెలుగునేల మీద చాలా ఉన్నాయి. రైల్వే జంక్షన్ ఉన్న గూడూరు ఒకటి. కర్నూలు జిల్లాలో ఒకటి, కృష్ణా జిల్లాలో మరొకటి. నేను చెప్పబోయేది మహబూబాబాదు జిల్లా గూడూరు సంగతి. మహబూబాబాదు నుంచి నర్సంపేటకు పోయే రోడ్డు మీద ఈ ఊరు వస్తుంది.

ఈ మండలంలోనే, అడవిలో, భీముని పాదం అనే జలపాతం ఉన్నది. భీముడు అడుగు మోపినచోట ఆ మడుగు ఏర్పడిందని జనం చెప్పుకుంటారు.

చాలా ఏళ్ల కిందట, వానకాలం చివర, పన్నెండుమంది పిల్లలతో సైకిళ్ల మీద గూడూరు నుంచి ఆ జలపాతం చూడబోయాను. అడవి దగ్గర మూడు మట్టిదారులు కలిసేచోట అందరం ఆగిపోయాము. దారి చూపే స్తంభం ముందురాత్రి గాలివానకు మొదలంటా పెకలి నేలమీద పడి ఉన్నది! దాని మూడు చేతుల మీద మూడు పేర్లు: గూడూరు, భీముని పాదం, మరో పల్లె. ఏ చేయి ఎటు చూపేదో ఎలా తెలుస్తుంది? అడుగుదామంటే మనిషి జాడ లేదు. తప్పుదారి పట్టామా, పొద్దుగూకేలోగా పిల్లలను ఇల్లు చేర్చలేను.

"కుడివైపే అయి ఉంటుంది, పదండి" అన్నాను. అది ఉత్త ఊహ.

అందరిలోకీ చిన్నదైన ఏడో తరగతి పిల్ల, "ఆగండి సార్! మనం గూడూరు నుంచే గదా వచ్చినం? ఆ పేరున్న చేయిని మనం వచ్చిన దారి వైపు తిప్పి నిలబెడదాం. మిగతావి వాటంతటవే సరిపోతయి" అన్నది.

నలుగురు కలిసి స్తంభం లేపి, అలాగే నిలబెట్టారు. భీముని పాదం ఎడమవైపున ఉన్నది! చేతులు మూడూ ఒకే స్తంభానికి బిగించి ఉన్నాయి గనుక, ఒకటి సరిగా నిలిస్తే తక్కినవీ సరిగానే నిలుస్తాయి. మేము జలపాతం చూసి, వెలుగుండగానే ఇల్లు చేరాము. పంతులు తప్పాడు, పిల్ల గెలిచింది.

ఇప్పుడు గూడూరు మీదుగా 365వ నంబరు జాతీయ రహదారి పోతున్నది. జాతీయ రహదారి రాళ్లకు తల పసుపురంగు, రాష్ట్ర రహదారి రాళ్లకు ఆకుపచ్చ. 1958లో మన దేశంలో మెట్రిక్ కొలతలు మొదలైన తరువాత మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చాయి. అయినా "మైలురాయి" అనే మాట మన నోట నిలిచిపోయింది. త్రికోణపు బోర్డు "జాగ్రత్త" అంటుంది. గుండ్రనిది ఆజ్ఞ ఇస్తుంది. పొడుగు చదరపుది సమాచారం చెబుతుంది. రాత్రివేళ బోర్డు మెరుస్తుంది, చూశారా? దానిలో దీపం లేదు. దాని పైపొరలోని సన్నని గాజుపూసలో, చిన్న చిన్న పట్టకాలో బండి దీపపు వెలుగును వచ్చిన దిక్కుకే తిప్పి పంపుతాయి.

సరదాకైనా దారి బోర్డును తిప్పకండి. ఆ రాత్రి రోగిని తీసుకుపోయే బండి దాన్నే నమ్ముకొని రావచ్చు.

ఎప్పుడైనా దారి తోచకపోతే, ముందు ఎక్కడి నుంచి బయలుదేరామో గుర్తు చేసుకోండి. లెక్క చిక్కుబడినా, మనసు చిక్కుబడినా ఇదే ఉపాయం. అది నాకు నేర్పింది నా శిష్యురాలు.