రెండు కుర్చీలు



ఈ వారం మా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలని ఉంది. అది ఆట దగ్గర మొదలైంది కాబట్టి ముందు ఆట సంగతే చెబుతాము.

మా ఊళ్ళో క్రికెట్ తెలియనివారు లేరు. టెన్నిస్ చూసేది మాత్రం మేము నాలుగిళ్లవాళ్లమే. రిటైరైన డ్రిల్లు మాస్టారు ఫెదరర్ మనిషి. కరెంటు పని చేసే తమ్ముడు నాదల్ మనిషి. అతని మేనల్లుడు, మా ఇంట్లో వాళ్ళం జకోవిచ్ పక్షం. సాయంత్రం టీ బడ్డీ దగ్గర కలిస్తే చాలు, లెక్కలు మొదలయ్యేవి.

"వింబుల్డన్ 8 సార్లు గెలిచిన మగాడు ఇంకొకడుంటే చూపించండయ్యా" అనేవారు మాస్టారు.

"పారిస్ ఎర్రమట్టి మీద మా వాడి లెక్క కూడా చెప్పుకోండి మాస్టారూ" అనేవాడు తమ్ముడు. ఆ లెక్క చివరికి 14 దాకా వెళ్ళింది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూస్తే గ్రాండ్‌స్లామ్ టైటిళ్లు ఫెదరర్‌కి 20, నాదల్‌కి 22, జకోవిచ్‌కి 24. అప్పట్లో మాత్రం ఎవరు ఎక్కడ ఆగుతారో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే మా సరదా అంతా ఉండేది. ఓడిన పక్షం వాళ్ళు మిరపకాయ బజ్జీలు కొనాలి. అదే మా పందెం.

2019 జూలై 14, ఆదివారం. ఊరంతా లార్డ్స్‌లో జరుగుతున్న క్రికెట్ ప్రపంచకప్ ఫైనల్ చూస్తోంది. మేము మా ఇంట్లో వింబుల్డన్ ఫైనల్ పెట్టుకున్నాము. ఫెదరర్, జకోవిచ్. మాస్టారు ఆ ఏడాది రాలేదు, ఇంట్లోనే చూస్తామన్నారు. సాయంత్రం ఆరున్నరకు మొదలైన ఆట రాత్రి పదకొండు దాటినా తెగలేదు. ఐదో సెట్టులో ఫెదరర్ 8-7తో ముందున్నాడు. సర్వీసు అతనిదే, స్కోరు 40-15. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు అతనిదే. అలాంటి అవకాశం రెండుసార్లు చేతికొచ్చింది. రెండూ జారిపోయాయి. 4 గంటల 57 నిమిషాల తరువాత జకోవిచ్ 13-12తో ఆ సెట్టు గెలిచాడు.

మేము ఆగలేకపోయాము. అప్పటికప్పుడు ఫోన్ తీసి, స్పీకరు పెట్టి, అందరం కలిసి అరిచాము: "మాస్టారూ, 40-15 ఎక్కడికి పోయింది? బజ్జీలు సిద్ధం చేయండి!"

అవతలి నుంచి మాట రాలేదు. కాసేపటికి ఫోన్ పెట్టేశారు.

మర్నాడు ఆయన బడ్డీ దగ్గరికి రాలేదు. వారం గడిచినా రాలేదు. "ఓడిపోయినందుకు అలిగారు" అని మేము నవ్వుకున్నాము. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

పది రోజులకు అందరం కలిసి ఆయన ఇంటికి వెళ్ళాము. టీవీ ముందు రెండు కుర్చీలు వేసి ఉన్నాయి. ఒకటి ఖాళీ. అప్పుడు గుర్తొచ్చింది మాకు. ఆ వేసవిలోనే మాస్టారి భార్య కన్నుమూశారు. అంత్యక్రియలకు వెళ్ళినవాళ్ళమే, ఓదార్పు మాటలు చెప్పినవాళ్ళమే. మూడు నెలలు కూడా తిరక్కుండానే మరిచిపోయాము.

మాస్టారే టీ పెట్టి ఇచ్చారు. తరువాత మెల్లగా అన్నారు: "ఫెదరర్ ఆవిడ మనిషి అయ్యగారూ. నాకసలు నాదల్ ఆటే ఇష్టం. ఆవిడ పక్కన కూర్చుని చూసీ చూసీ ఆవిడ పక్షమైపోయాను. ఆ రాత్రి అతను గెలిస్తే ఆవిడకి చెప్పుకుందామనుకున్నాను."

కరెంటు తమ్ముడు తల దించుకున్నాడు. మాలో ఎవరికీ నోట మాట రాలేదు.

ప్రియులారా, ఎకసెక్కం తప్పని మేము అనడం లేదు. అది స్నేహానికి ఉప్పు లాంటిది. అయితే మేము ఆ రాత్రి స్కోరు చూశాము గానీ మనిషిని చూడలేదు. మేము ఎవరి పేర్లు చెప్పుకుని పోట్లాడుకున్నామో, ఆ ఆటగాళ్ళే ఈ విషయంలో మాకంటే నయం. 2022 సెప్టెంబరులో లండన్‌లో లేవర్ కప్‌లో ఫెదరర్ ఆఖరి మ్యాచ్ ఆడాడు. డబుల్స్‌లో అతని పక్కన నిలబడింది నాదల్. ఆ మ్యాచ్ ఓడిపోయారు. తరువాత ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఏడ్చారు. ఫెదరర్ వెళ్ళిపోతుంటే నాదల్‌కి కన్నీళ్ళెందుకు? ముఖాముఖి పోరుల్లో నాదల్ 24 గెలిచాడు, ఫెదరర్ 16. అంతగా గెలిచినవాడు పోటీదారు పోతున్నాడని సంతోషించాలి కదా.

2024లో నాదల్ ఆట మానేస్తున్నప్పుడు ఫెదరర్ అతనికి ఒక ఉత్తరం రాశాడు. నేను నిన్ను ఓడించిన వాటికంటే నువ్వు నన్ను ఓడించినవే ఎక్కువని అందులో దాచుకోకుండా ఒప్పుకున్నాడు. నీ మీద ఆడడం కోసం నా రాకెట్టే మార్చుకోవలసి వచ్చిందనీ రాశాడు. ఎదుటివాడి గొప్పతనం ఒప్పుకున్నందువల్ల అతని 20లో ఒక్కటీ తగ్గలేదు.

ఆ ఉత్తరం సంగతి మాస్టారికి చదివి వినిపించాము. ఆయన నవ్వి, "ఆవిడ ఉంటే ఏడ్చేది" అన్నారు.

మొన్న 2025 జూన్‌లో పారిస్ ఫైనల్ చూశాము. మేనల్లుడు ఇప్పుడు సినర్ పక్షం. సినర్‌కి మూడు మ్యాచ్ పాయింట్లు దొరికాయి. మూడూ పోయాయి. 5 గంటల 29 నిమిషాలకు అల్కరాజ్ గెలిచాడు. కుర్రవాడి ముఖం వాడిపోయింది. నోటిదాకా వచ్చిన మాటను అందరం మింగేశాము. అతనికి ఎవరమూ ఏమీ అనలేదు.

మర్నాడు సాయంత్రం మాస్టారు బడ్డీ దగ్గరికి వచ్చారు. కుర్రవాడి భుజం మీద చెయ్యి వేసి ముందు "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగారు. వాడు నవ్వాక, "అయితే బజ్జీలు చెప్పు మరి" అన్నారు.

మీరు ఆటపట్టించే మనిషి ఇంట్లో ఈ వారం ఎన్ని కుర్చీలు ఖాళీగా ఉన్నాయో ఒకసారి చూసి రండి. ఆ తరువాత ఎంతైనా నవ్వుకోండి.