ఇటుక కాదండీ, బోర్డే!

మాటలు పుట్టించడంలో మన సాఫ్ట్‌వేర్ వాళ్ళని మించినవాళ్ళు లేరు. అప్‌గ్రేడ్ మధ్యలో ఏ యంత్రమన్నా బిగుసుకుపోయి మళ్ళీ లేవకపోతే "బ్రిక్ అయిపోయింది" అనేస్తాం. అంటే ఇటుకైపోయిందన్నమాట. ఇటుకని ఎవరూ బాగుచెయ్యరు కదా, కాబట్టి ఆ మాట అనేశాక ఇంక వెతకాల్సిన పని కూడా ఉండదు. పాతది సొరుగులోకి, కొత్తది ఆర్డర్లోకి. నాకు మాత్రం ఈ మాటంటేనే ఒళ్ళుమంట. నేను చూసిన ఇటుకల్లో చాలావాటికి ప్రాణం ఉంది మరి.

ఈమధ్య మా మేనల్లుడి బోర్డుకీ ఇదే ముద్ర పడింది. వాడు ఇంజినీరింగ్ ఆఖరి సంవత్సరం. కైకలూరు దగ్గర వాళ్ళ తాతగారి చేపల చెరువు గట్టు మీద ఒక రాస్ప్‌బెర్రీ పై 4 పెట్టి, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్ ఎంతుందో పది నిమిషాలకోసారి కొలిచి రాసుకునే ఏర్పాటు చేశాడు. చెరువులో ఉండే నాచు పగలు ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రయితే తనే వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఏరేటర్ ఎప్పుడు తిప్పాలో తాతగారు చేపలు పైకి తేలి నోళ్ళు తెరవడం చూసి చెప్పేవారు. మనవడు దాన్నే అంకెల్లో ముందుగా చెబుదామనుకున్నాడు.

ఐదు నెలల లెక్కలు పోగయ్యాయి. రివ్యూ నాలుగు రోజులుందనగా ఏదో కొత్త లైబ్రరీ కావాల్సివచ్చి బుల్స్‌ఐ నుంచి బుక్‌వార్మ్‌కి అప్‌గ్రేడ్ మొదలుపెట్టాడు. మధ్యలో కరెంటు పోయింది. వచ్చాక చూస్తే తెర నలుపు, బోర్డు మీద ఎర్ర లైటు ఒక్కటే నిలకడగా. టౌన్లో రిపేరు షాపతను అటూ ఇటూ తిప్పి చూసి, "బోర్డు పోయింది బాబూ, కొత్తది తీసుకో. ఆ కార్డు కూడా ఫార్మాట్ చేసిచ్చేస్తా" అన్నాట్ట.

"కొత్తది ఎంతవుద్ది మావయ్యా?" అని ఫోను.

"ఒరేయ్, ముందా కార్డు జేబులో పెట్టుకుని ఆ షాపులోంచి బయటికి రా!" అన్నాను.

ఎందుకంటే పోయేది బోర్డు కాదు. 2019లో పై 4 వచ్చినప్పుడు అన్నిటికంటే చిన్నదాని ధర 35 డాలర్లు. బోర్డు పోతే ఇంకోటి కొనుక్కుంటాం. ఐదు నెలల తెల్లవారుజాములు ఎక్కడ కొంటాం?

ఇంటికెళ్ళాక పచ్చ లైటు ఎన్నిసార్లు మినుకుమంటోందో లెక్కపెట్టమన్నాను. "ఏడు, మళ్ళీ ఆగి ఏడు" అన్నాడు. ఏడు మినుకులంటే కెర్నెల్ ఫైలు దొరకలేదని అర్థం (నాలుగైతే అంతకుముందు మెట్టులోని స్టార్ట్ ఫైలు దొరకలేదని). ఇక్కడ ఒక్క క్షణం ఆలోచించండి. కెర్నెల్ దొరకలేదని చెప్పడానికైనా ఎవరో ఒకరు బతికుండాలి కదా! చిప్పులోని రామ్ కాని రోమ్ పనిచేసింది, అది బోర్డు మీది ఈఈప్రామ్‌లో ఉన్న బూట్‌లోడర్ని లేపింది, అది కార్డు దాకా వెళ్ళి వెతికింది. శవం ఇన్ని పనులు చెయ్యదు.

తర్వాత చేసినవి వరసగా చెబుతాను, ఎవరికన్నా పనికొస్తాయి. ముందు రెండు కొత్త కార్డులు కొనిపించాను. పాత కార్డుని లాప్‌టాప్‌లో పెట్టి మొత్తం ఇమేజ్ తీయించి, దాన్ని మొదటి కొత్త కార్డులోకి రాయించాను. అసలుది డబ్బాలోకి వెళ్ళిపోయింది. మరమ్మతంతా నకలు మీదే. రెండో కార్డులో తాజా సిస్టమ్ వేసి అదే బోర్డులో పెడితే నిక్షేపంగా లేచింది. అప్పుడు నకలు కార్డుని యూఎస్‌బీ రీడర్లో పెట్టి అదే బోర్డుకి తగిలించి, ఫైల్ సిస్టమ్ తనిఖీ చేసి, లోపలికి సీహెచ్‌రూట్ అయ్యాం. లాప్‌టాప్‌లో ఇదే చెయ్యాలంటే ప్రాసెసర్ జాతి వేరు కాబట్టి క్యూఈఎంయూ తతంగం ఉంటుంది. పై మీద ఆ గొడవ లేదు.

లోపల డీపీకేజీకి సగంలో ఆగిన ప్యాకేజీలన్నీ పూర్తి చెయ్యమని చెప్పాం. ఇంకో చిక్కు కూడా బయటపడింది. బుక్‌వార్మ్‌లో బూట్ పార్టిషన్ మౌంట్ అయ్యే చోటు మారింది. పాత ఎఫ్‌స్టాబ్‌లో అది బూట్ ఫోల్డర్ కిందే ఉంది, కొత్తది దాని లోపలి ఫర్మ్‌వేర్ ఫోల్డర్లో ఉండాలంటుంది. ఆ లైను దిద్ది, కెర్నెల్ మళ్ళీ ఇన్‌స్టాల్ చేస్తే ఏడు మినుకులు పోయి లాగిన్ వచ్చింది. లెక్కల ఫైలులో ఆఖరి లైను, అప్‌గ్రేడ్ మొదలుపెట్టే ముందు రాసుకున్నది, అలాగే ఉంది. "వచ్చేసింది మావయ్యా" అన్నవాడి గొంతు విని మా అక్క ఫోను లాక్కుని, "ఏవైందిరా, పిల్లాడు ఏడుస్తున్నాడేంటి?" అంది.

ఒకవేళ ఈఈప్రామే చెడిపోయినా కంగారు పడక్కర్లేదు. ఫ్యాట్ పద్ధతి కార్డులో రికవరీ ఫైళ్ళు వేసి పెడితే, రోమ్ ముందు వాటిని చూసి బూట్‌లోడర్ని తిరిగి రాసేస్తుంది. పని అయ్యాక పచ్చ లైటు గబగబా కొట్టుకుంటుంది. ఈ రోమ్‌ని ఏ అప్‌గ్రేడూ ముట్టుకోలేదు, అసలు కిటుకంతా అక్కడే ఉంది. ఎక్కడో ఒక మెట్టు ఎవరికీ చెరపడానికి వీల్లేకుండా ఉంటే, మిగతా మెట్లన్నీ కూలినా మళ్ళీ కట్టుకోవచ్చు.

ఈ సంగతి తెలిసినవాళ్ళు తెలివిగానే కడతారు. 2016లో ఆండ్రాయిడ్ 7తో వచ్చిన రెండు స్లాట్ల పద్ధతి అలాంటిదే. కొత్తది పక్క గదిలో వేస్తారు, లేవకపోతే పాత గదిలోకే తిరిగొస్తారు. అదే ఫోను బూట్‌లోడర్‌కి తాళం వేసి చెవి మనకివ్వకపోతే మాత్రం అది నిజంగా ఇటుకే. మనం డబ్బిచ్చి కొన్న ఇటుక.

ఇక మన ఆఫీసుల సంగతి. ప్రతి చేంజ్ రిక్వెస్టులో రోల్‌బ్యాక్ ప్లాన్ అని ఒక గడి ఉంటుంది. అందులో "బ్యాకప్ నుంచి రీస్టోర్" అని రాసి సంతకాలు పెట్టేస్తాం. ఆ రీస్టోర్ ఎవరన్నా ఒక్కసారి చేసి చూశారా? చూడని రోల్‌బ్యాక్ ప్లాను రోల్‌బ్యాక్ ప్లాను కాదు, ప్రార్థన. మా వాడికి కరెంటు పోయింది, మనకి ఇంకోటి పోతుంది, అంతే తేడా.

మీ సొరుగులో కూడా ఇలాంటి ఇటుకొకటి ఉండే ఉంటుంది. ఈ ఆదివారం దాన్ని బయటికి తీసి, పచ్చ లైటు ఎన్నిసార్లు మినుకుమంటోందో లెక్కపెట్టి చూడండి.