వాక్కాయ కంచె

పదవీ విరమణ చేసిన మరుసటి సంవత్సరం, శ్రావణమాసంలో ఒక సాయంకాలం, ఆ దంపతులు భిలాయి ఉక్కునగరంలో ఒక క్వార్టరు ముందు నిలబడ్డారు. ఇరవై ఆరేళ్లు తాము కాపురమున్న ఇల్లే అది. అయినా తలుపు తట్టబోయిన ఆయన చేయి ఒక్కక్షణం వెనుకాడింది. వచ్చిన పని చెప్పుకోవడానికి మరీ చిన్నది: గుప్పెడు వాక్కాయ పండ్లు కావాలి.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన ఉక్కు కర్మాగారం అది. మొదటి బ్లాస్ట్ ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అన్నివైపుల నుంచీ జనం పనికోసం ఆ ఊరికి చేరారు. వారిలో తెలుగువారు అనేకులు; శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన ఆయన ఒకరు. క్వార్టరు చుట్టూ ఎర్రమొరం నేల. వేసవిలో నిప్పులు చెరిగే ఎండ. ఏ మొక్క నాటినా పశువుల పాలయ్యేది. అప్పుడు ఇల్లాలు పుట్టింటి నుంచి వాక్కాయ నారు తెచ్చింది. ఆవు ముళ్లకు జంకుతుంది, వాక్కాయ ఎండకు జంకదు అని ఆమె లెక్క.

చలిదేశాలలో ఇంటి కంచెకు ఎల్డర్‌బెర్రీ పొద ఎటువంటిదో, మన మెట్టనేలకు వాక్కాయ అటువంటిది. ఎల్డర్‌బెర్రీ పూలతో అక్కడివారు పానీయం చేసుకుంటారు. పచ్చిగా తింటే వికారం కలిగించే పండ్లను ఉడికించి వాడుకుంటారు. వాక్కాయ కూడా కంచెగా నిలిచి వంటింటికి పనికివచ్చేదే. దీనినే రాయలసీమలో కలివి అంటారు. కడప జిల్లాలో 1986లో మళ్లీ కనిపించిన అరుదైన పక్షికి కలివికోడి అన్న పేరు ఈ పొద నుంచే వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో కరౌందా అంటారు. వేసవికి ముందు మల్లెలను పోలిన తెల్లని పూలు పూస్తాయి. వానలు పడేనాటికి కాయలు గులాబిరంగుకు తిరుగుతాయి. కోస్తే తెల్లని పాలు కారతాయి. పప్పులోకి, పులిహోరకు, ఊరగాయకు ఆ దశ మేలు. నల్లబడి మెత్తబడితే నేరుగా తినవచ్చు.

ఉద్యోగంతో పాటు క్వార్టరూ వదలవలసి వచ్చింది. వారు పవర్ హౌస్‌లో ఒక చిన్న ఇల్లు కొనుక్కున్నారు. పేరు విని కొత్తవారు విద్యుత్కేంద్రాన్ని ఊహించుకుంటారు కాని, భిలాయివారికి పవర్ హౌస్ అంటే రైల్వే స్టేషను, నందినీ రోడ్డు బజారు, వాటి వెనుక పేటలు. వెళ్లేముందు ఆయన ఒక పొదను తవ్వి తీశారు. వాక్కాయ తల్లివేరు లోతుకు దిగుతుంది. గునపం దెబ్బకు అది తెగింది. కొత్త పెరట్లో నాటిన పొద పదిహేను రోజులలో ఎండిపోయింది.

"విత్తనం వేద్దాం" అన్నది ఆమె.

"అది కాపుకు వచ్చేనాటికి మనమెక్కడ ఉంటామో!" అన్నారాయన.

"ఎక్కడుంటామండీ? ఇక్కడే ఉంటాం. ఇంక బదిలీలేముంటాయి?" అన్నదామె.

అందుకే ఆ ప్రయాణం. తలుపు తీసిన యువతి బీహారు నుంచి వచ్చినది. సంగతి విని ఆమె నొచ్చుకున్నది. బిడ్డ కాలిలో ముల్లు దిగినందువల్ల, వచ్చే ఆదివారం కంచె మొత్తం నరికించాలని నిశ్చయించుకున్నదట. ఆయన మాట్లాడలేకపోయారు. కంచె తనది కాదు. ముల్లు దిగిన కాలు నిజం. ఇల్లాలు మాత్రం పిల్లవాడి పాదం ఒళ్లో పెట్టుకుని చూసి, కత్తెర అడిగి తీసుకున్నది. లోపలివైపు కొమ్మలను కురచగా కత్తిరించి, వెలుపలివైపు ముళ్లను అలాగే వదిలింది. కోత అయ్యాక ఏటా ఇలా చేస్తే సరిపోతుందని చెప్పి, తెంపిన కొమ్మల కాయలను అక్కడే కడిగి, ఉప్పూ కారమూ పట్టించి ఆ యువతి చేతికిచ్చింది.

దంపతులు నల్లని పండ్లు మూటకట్టుకుని తిరిగి వచ్చారు. వాక్కాయ గింజ నిలవ ఉంటే మొలకెత్తే శక్తి త్వరగా పోతుంది. ఆ రాత్రే పండ్లు చిదిపి, గింజలు కడిగి, నీడలో ఆరబెట్టి, మరునాడు మట్టికుండలలో చల్లారు. మొలకలను ఒక ఏడాది కుండలలోనే పెంచి, తరువాతి తొలకరికి గోతులు తీసి, పశువుల ఎరువు కలిపి నాటారు. మొదటి వేసవిలో సాయంత్రాలు నీళ్లు పోశారు. తరువాత మొక్కలు ఆ నీళ్లకు ఎదురుచూడలేదు.

నాటిన మూడవ ఏట తొలికాపు వచ్చింది. కాయలు ఒక గిన్నెడు కూడా లేవు. ఆయన వాటిని గుడ్డలో కట్టి పాత క్వార్టరుకు బయలుదేరారు. వీధి మలుపులోనే కంచె కనిపించింది. వెలుపలివైపు ముళ్లతో, లోపలివైపు నున్నగా. ఈసారి తలుపు తట్టడానికి ఆయన చేయి వెనుకాడలేదు.