ఆత్మరక్షణకు ఎన్నాళ్లు పడుతుంది?

దేశంలో ఎక్కడ ఏ స్త్రీపై ఘోరం జరిగినా పాలకుల నోట తప్పకుండా వచ్చే మాట ఒకటుంది: ఆడపిల్లలకు ఆత్మరక్షణ విద్య నేర్పిస్తాం. 2012 డిసెంబరులో ఢిల్లీ ఘటన తర్వాత ఆ మాట వినిపించింది. 2019 నవంబరులో శంషాబాద్ దగ్గర జరిగిన దారుణం తర్వాత మళ్లీ వినిపించింది. సమగ్ర శిక్షా కింద ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతుల బాలికలకు ఉద్దేశించిన 'రాణీ లక్ష్మీబాయి ఆత్మరక్షా ప్రశిక్షణ్' పథకం ఆ మాటకు అధికారిక రూపం. అందులో శిక్షణ కాలం మూడు నెలలు. ఒక్కో పాఠశాలకు నెలకు 5,000 రూపాయలు.

మూడు నెలల్లో ఒక మనిషికి ఏం వస్తుంది? ఈ ప్రశ్న నన్ను మొదట అడిగింది ఏ పార్లమెంటు సభ్యుడూ కాదు, నా మేనకోడలు. మా చెల్లెలి కుటుంబం అండమాన్‌లో, పోర్ట్ బ్లెయిర్ శివారు బ్రూక్షాబాద్‌లో ఉంటుంది. (2024 సెప్టెంబరు నుంచి ఆ నగరం పేరు శ్రీ విజయపురం, మా వాళ్ల నోట మాత్రం ఇంకా 'పోర్ట్ బ్లెయిరే'.) 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం మందికి మాతృభాష తెలుగు. వారిలో ఎక్కువమంది మూలాలు శ్రీకాకుళం వైపువి. నేను వెళ్లేనాటికి ఆ పిల్ల ఒక వేసవి శిబిరంలో నెల రోజులు కరాటే నేర్చుకుంది. ధ్రువపత్రం కూడా చూపించింది. చూపించి, "మావయ్యా, నిజంగా ఎవడైనా చెయ్యి పట్టుకుంటే ఇది పని చేస్తుందా?" అని అడిగింది.

పెరట్లో వాళ్ల అన్నను పట్టుకోమన్నాం. మొదటిసారి వాడు మొహమాటంగా మణికట్టు పట్టుకున్నాడు. బొటనవేలు వైపుకు చెయ్యి తిప్పి ఆమె చులాగ్గా విడిపించుకుంది. రెండోసారి వాడు వదలదలచుకోలేదు. పట్టుకుని వెనక్కి లాగాడు. నేర్చిన ఎత్తు ఆమెకు గుర్తే రాలేదు. "నువ్విలా లాగకూడదు, మాష్టారు ఇలా చెప్పలేదు" అని అన్నతో గొడవ పెట్టుకుంది. ఆమె చేతిలో లోపం ఏమీ లేదు. నెల రోజులూ ఎదుటి మనిషి పడిపోవడానికి సిద్ధంగా ఉన్నాడు, అంతే తేడా.

ఈ తేడాను గుర్తించినవాడు జపాన్‌లో జిగోరో కానో. 1882లో ఆయన కొడోకాన్ స్థాపించి జూడోను తీర్చినప్పుడు, ముందే నిర్ణయించిన కదలికలతో పాటు 'రందోరి'కి, అంటే ప్రత్యర్థి నిజంగానే ప్రతిఘటించే సాధనకు, పెద్దపీట వేశాడు. మన ఉత్తరాంధ్ర గరిడీల్లోనూ కుస్తీ పట్టేవాడికి గాలితో పోరాడే వీలుండేది కాదు. వీరఘట్టంలో పుట్టి విజయనగరంలో సాధన చేసిన కోడి రామమూర్తి ఏ ధ్రువపత్రంతోనూ మల్లయోధుడు కాలేదు. మన సినిమా మాత్రం వేరే లెక్క చెబుతుంది. 'తమ్ముడు' (1999)లో కథానాయకుడు ఒక్క పాట పూర్తయ్యేలోగా కిక్‌బాక్సర్‌గా తయారవుతాడు. ఆ పాట నాకూ ఇష్టమే, అది వేరే సంగతి.

నేను గమనించినంతలో లెక్క ఇలా ఉంటుంది. అరవడం, పట్టు విడిపించుకోవడం, పరుగెత్తడం కొన్ని వారాల్లో వస్తాయి. బెదురులో కూడా శరీరం ఆ పని తనంతట తాను చేయాలంటే, వారానికి రెండుమూడు రోజుల చొప్పున, ప్రతిఘటించే జోడీతో ఏడాదైనా కావాలి. నల్లబెల్టుకు సాధారణంగా మూడు నుంచి ఐదేళ్లు. దాని తొలి మెట్టు పేరు 'షోదాన్'కు అర్థమే ఆరంభ స్థాయి. సాధన మానితే వచ్చింది కూడా కొద్ది నెలల్లో జారిపోతుంది.

అలాగని తక్కువ గంటల శిక్షణ వృథా అనుకోనక్కరలేదు. 2015లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో షార్లీన్ సెన్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ చర్చను తలకిందులు చేసింది. కెనడాలోని మూడు విశ్వవిద్యాలయాల్లో సుమారు 900 మంది మొదటి సంవత్సరం విద్యార్థినులను రెండు బృందాలుగా చేశారు. ఒకరికి మూడేసి గంటల చొప్పున నాలుగు తరగతులు, మరొకరికి కరపత్రాలు. ఏడాది తర్వాత అత్యాచారానికి గురైనవారు మొదటి బృందంలో 5.2 శాతం, రెండో బృందంలో 9.8 శాతం. మొత్తం పన్నెండు గంటలు! అందులో దేహంతో ఎదిరించడం ఒక భాగమే. మిగతాదంతా పరిచయస్థుడి ప్రవర్తనలో ప్రమాదాన్ని పసిగట్టడం, మొహమాటాన్ని దాటి దాన్ని ప్రమాదమని ఒప్పుకోవడం, తనకేది సమ్మతమో తెలుసుకోవడం.

ఇక్కడే మన పథకాల అసలు గుట్టు బయటపడుతుంది. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా చెబుతున్నది ఒకటే: అత్యాచార కేసుల్లో నూటికి 90కి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. బంధువు, పొరుగువాడు, యజమాని, ప్రేమించానన్నవాడు. మనం పిల్లలకు నేర్పుతున్నది మాత్రం చీకటి సందులో ఎదురయ్యే అపరిచితుణ్ని తన్నడం. బాబాయి వరసవాడు భుజం మీద చెయ్యి వేస్తే గట్టిగా 'వద్దు' అనే హక్కు తనకుందని చెప్పడానికి ఏ బెల్టూ అక్కరలేదు. కానీ ఆ పాఠం చెబితే ఇంట్లో పెద్దలకు కోపం వస్తుంది, పెద్దలకు ఓట్లున్నాయి. తన్నులు నేర్పితే ఎవరికీ కోపం రాదు, ఫొటో కూడా బాగా వస్తుంది.

చట్టం సంగతీ అంతే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లు ఆత్మరక్షణ హక్కువి. అత్యాచారం చేయాలన్న ఉద్దేశంతో దాడి చేసేవాడి ప్రాణం పోయేదాకా ఆ హక్కు విస్తరిస్తుందని 38వ సెక్షన్ చెబుతుంది. అవసరానికి మించి హాని చేయరాదని 37 హద్దు గీస్తుంది. ఈ రెండింటినీ వివరించడానికి ఒక్క గంట చాలు. మా మేనకోడలి శిబిరంలో ఆ గంట లేదు.

ఈ పథకం మీద పార్లమెంటులో ప్రశ్న వచ్చినప్పుడల్లా పాఠశాలల సంఖ్య, కేటాయించిన నిధుల మొత్తం జవాబుగా వస్తాయి. శిక్షణ ముగిసిన ఆరు నెలలకు ఆ బాలికల్లో ఎందరికి నేర్చినది గుర్తుంది, ఎందరు ఇంట్లో ఎవరినైనా 'వద్దు' అనగలిగారు, అన్నాక వారి మాట విన్నవారెవరు? వచ్చే సమావేశాల్లో ఏ సభ్యుడైనా ఈ మూడు అడిగితే బాగుండును.