అరికాళ్ళకు కాస్త నూనె

ఆకలి రుచెరగదు, నిద్ర సుఖమెరగదు అన్నారు పెద్దలు. ఆ అన్న పెద్దాయనెవరో గాని, తల దిండుకి ఆనీ ఆనకముందే గురక పెట్టేవాడని నా గట్టి నమ్మకం. నా నిద్ర మాత్రం సుఖాలన్నీ ఎరుగును. దిండు అంగుళం ఎత్తు పెరిగినా, ఫాను ఒక్కసారి కిర్రుమన్నా, మావారు ఇటునుంచి అటు ఒత్తిగిలినా చాలు, అలిగిన ఆడపడుచులా గుమ్మం దిగి వెళ్ళిపోతుంది. వెళ్ళిందా, తెల్లారేవరకు ఎంత బతిమాలినా తిరిగి రాదు.

నలభై రెండో ఏట పట్టుకుంది నాకీ జబ్బు. పదకొండింటికి పడుకుంటాను. రెండు కొట్టేసరికి కళ్ళు తెరుచుకుంటాయి. అప్పుడు మొదలవుతాయి లెక్కలు. పెద్దదాని ఫీజు, చిన్నదాని దగ్గు, సీరియల్లో హీరోయిన్‌ని ఈ వారం ఏం చెయ్యాలి, పెరుగు తోడుపెట్టానా లేదా! ఆ మధ్య ఒక పాఠకురాలు ఉత్తరం రాసింది, "మీ నవల పట్టుకుంటే చక్కగా నిద్ర పడుతోందండీ" అని. మెచ్చుకుందో, చురక వేసిందో ఇప్పటికీ తేలలేదు. ఆ రాత్రి ఆశగా నా నవల నేనే తీశాను. నిద్ర రాలేదు సరికదా, అచ్చుతప్పులు కనబడి వున్న కాస్త మత్తూ వదిలిపోయింది.

డాక్టరుగారు రెండు వారాలకని రాసిచ్చిన మాత్రలు, ఆయనకి చెప్పకుండా రెండు నెలలు మింగాను. ఒకరోజు పొద్దున్నే పాలు పొంగి పొయ్యిమీద పడుతుంటే, ఎవరింట్లోనో పొంగుతున్నట్టు చూస్తూ నిలబడ్డాను. అప్పుడు భయమేసింది. వెళ్ళి నిజం ఒప్పుకున్నాను. ఆయన కాస్త చివాట్లు పెట్టి, మోతాదు మెల్లమెల్లగా తగ్గించి మాన్పించారు. మాత్ర మానింది గాని నిద్ర రాలేదు.

"పదిరోజులు ఆగిరిపల్లి వెళ్ళి రా" అన్నారు మావారు.

విజయవాడ నుంచి నున్న మీదుగా నూజివీడు వెళ్ళే దారిలో వస్తుంది మా అత్తగారి వూరు. శోభనాచలం కొండ, కొండమీద నరసింహస్వామి, చుట్టూ ఎటు చూసినా మామిడితోటలు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు వూరు ఏలూరు జిల్లాలోకి వెళ్ళింది. మా అత్తయ్యగారు మాత్రం ఇప్పటికీ "మాది కృష్ణాజిల్లా" అనే చెబుతారు. నేను వెళ్ళింది వైశాఖంలో. చిన్నరసాలు దిగుతున్న రోజులు.

రెండో రోజే ఆవిడ నన్ను నూజివీడులో ఒక వైద్యుడుగారి దగ్గరకి తీసుకెళ్ళారు. విజయవాడ నోరి రామశాస్త్రి ఆయుర్వేద కళాశాలలో చదువుకున్నారాయన. ఏదో చూర్ణం పొట్లం కట్టి ఇస్తారనుకున్నాను. ఆయన ముందు చరకుణ్ణి విప్పారు. ఆహారం, నిద్ర, బ్రహ్మచర్యం, ఈ మూడూ శరీరమనే ఇంటికి స్తంభాలట. నిద్ర పట్టకపోవడానికి చరకుడు చెప్పిన కారణాల్లో మొట్టమొదటిది 'కార్యం', అంటే పని. ఆ తరవాతే వయసు, రోగం, స్వభావం, వాతం. నేను ఠక్కున అత్తయ్యగారి వైపు చూశాను. "నాకేసి చూస్తావేమే, రోగం నీదయితే!" అన్నారావిడ.

ఇక మందులు. తలకీ ఒంటికీ నూనె, నలుగు, స్నానం. పాలు, నెయ్యి, పెరుగన్నం. మనసుకి నచ్చిన వాసన, చెవికి ఇంపైన పాట. ఒళ్ళు పట్టించుకోవడం, కళ్ళకీ నుదుటికీ చలవ, మంచి పడక, వేళకి పడుకోవడం. ఆ జాబితాలో మద్యం కూడా వుందిట. ఆ మాట దగ్గర ఆయన గొంతు తగ్గించి, "అది మనకొద్దు లెండమ్మా, ముందు మత్తిచ్చినా అర్ధరాత్రి దాటాక నిద్ర చెడగొడుతుందని ఇప్పటి వైద్యమే చెబుతోంది" అని గబగబా దాటేశారు.

"గేదెపాలు దొరుకుతాయా?" అని అడిగారు. ఆవుపాలకన్నా బరువు, చలవ కాబట్టి నిద్ర పట్టనివాళ్ళకి గేదెపాలే మంచివన్నాడట చరకుడు. కృష్ణాజిల్లా కోడలికి గేదెపాల సంగతి ఒకరు చెప్పాలా! అందులో చిటికెడు జాజికాయ పొడి వేసుకోవచ్చన్నారు. చిటికెడు దాటితే విషమేనని కళ్ళెర్రజేశారు. అశ్వగంధ అడిగితే, "థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నానన్నారుగా, మీ డాక్టరుగారినడక్కుండా వద్దు" అన్నారు. పగటినిద్ర మాననన్నారు, రాత్రులు చిన్నవి కాబట్టి ఎండాకాలానికి మాత్రం చరకుడే మినహాయింపు ఇచ్చాడట. రాత్రి తొమ్మిది దాటాక ఫోను ముట్టుకోవద్దన్నారు. మన ఒంట్లో గడియారం వెలుతురుని బట్టే నడుస్తుందట. ఆ గడియారం గుట్టు విప్పిన ముగ్గురికి 2017లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

బస్సులో వస్తూ ఆ జాబితా మననం చేసుకుంటుంటే ఒక సంగతి తట్టింది. చూశారూ, అందులో సగం పనులు మనకి మనం చేసుకునేవి కావు. నూనె ఎవరో అంటాలి. ఒళ్ళు ఎవరో పట్టాలి. పాలు ఎవరో కాచి ఇవ్వాలి. పక్క ఎవరో వెయ్యాలి. నిద్రకి మందు మూలికలో ఎంత వుందో గాని, ఇంకొకరి చేతుల్లో చాలానే వుంది. మరి ఇంట్లో అందరికీ ఆ చేతులు ఎవరివి? చెప్పనక్కర్లేదు కదా!

ఆ రాత్రి వరండాలో నులకమంచం మీద పడుకున్నాను. అత్తయ్యగారు నువ్వులనూనె గోరువెచ్చగా చేసి తెచ్చి నా అరికాళ్ళకి రాయడం మొదలుపెట్టారు. వద్దన్నా వినలేదు. ఆవిడ బొటనవేలు మడమ దగ్గర నొక్కడం గుర్తుంది. తరవాత ఏమీ గుర్తులేదు. నూనె గొప్పతనమో, చేతుల గొప్పతనమో తేల్చడం నావల్ల కాదు.

మూడు రాత్రులు అలాగే నిద్రపోయాను. నాలుగోరాత్రి దాహమేసి లేస్తే అత్తయ్యగారు అరుగుమీద కూర్చుని వున్నారు. టైము రెండు.

"ఏమిటత్తయ్యా, పడుకోలేదా?"

"గాలి లేచేట్టుందమ్మాయ్. కాయ రాలుతుందేమోనని."

మామయ్యగారు పోయిన ఏడే తోట గుత్తకిచ్చేశాం. ఇప్పుడు గాలివానొస్తే నష్టం గుత్తదారుకి. అదే అన్నాను.

"నాకు తెలుసులేవే. ఆ సంగతి చెవులకి తెలియదుగా!" అన్నారు.

పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచీ, నలభై అయిదేళ్ళుగా, వైశాఖమొస్తే ఆవిడ చెవులు తోటలోనే పడుకున్నాయి. రాత్రి రాలే ప్రతి చప్పుడూ ఒక లెక్క. ఇన్ని రాలితే పిల్లల చదువుకింత తక్కువ, అన్ని రాలితే అప్పు వచ్చే ఏటికి. ఆ లెక్కల్లో మావారి కాలేజీ ఫీజూ వుంది. మిగతా నెలల్లో పిల్లల జ్వరాలు, మామయ్యగారి ఉబ్బసం. లక్ష్మణుడి నిద్ర కూడా కలుపుకుని పద్నాలుగేళ్ళు నిద్రపోయిందని ఊర్మిళాదేవి మీద పాట కట్టుకున్నారు మన ఆడవాళ్ళు. అది కథ కాదనిపించింది నాకు, కోరిక! కాపలా కాసింది ఎప్పుడూ తామే కనక, ఒక్కతయినా కంటినిండా నిద్రపోయినట్టు పాడుకుని తృప్తిపడ్డారేమో.

నూనెగిన్నె తెచ్చాను. "నాకెందుకే, పిచ్చిదానా!" అని కాళ్ళు ముడుచుకున్నారు. బలవంతాన లాగాను. మడమల నిండా పగుళ్ళు. ఇరవై ఏళ్ళ నుంచీ ఈ ఇంటి కోడలిని, ఆ పాదాలని పండగలకి దండం పెట్టడమే గాని సరిగ్గా చూసింది ఆవేళే. ఇంకా మాట్లాడుతూనే వున్నారు, గేదె ఈనడం సంగతి, పచ్చడికాయల సంగతి. మధ్యలో ఒక మాట సగంలో ఆగిపోయింది. తల ఎత్తి చూస్తే నిద్రపోయారు.

కాసేపటికి నిజంగానే గాలి లేచింది. తోటలో ధబ్, ధబ్ మని చప్పుడు. నేను కదలకుండా కూర్చుని లెక్కపెట్టాను. పదకొండు.

తెల్లవారాక కాఫీ గ్లాసు అందిస్తూ అడిగారు, "రాత్రి గాలేమన్నా వచ్చిందా అమ్మాయ్?" అని.

"ఏమో అత్తయ్యా, నాకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది" అన్నాను.