కాజీరంగలో ఒక రోజు

పిల్లలూ, అస్సాంలోని కాజీరంగ అడవికి చలికాలంలో వెళ్ళాలి. తెల్లవారగానే జీపు ఎక్కితే, దారికి రెండు పక్కలా మనిషిని మించిన ఏనుగుగడ్డి. ఇంతలో డ్రైవరు ఇంజను ఆపుతాడు. బురదగుంటలో నల్లని బండ ఒకటి కదులుతుంది! అదే ఒంటికొమ్ము ఖడ్గమృగం. 1905లో ఈ అడవిని రక్షించ పూనుకున్ననాటికి ఇవి కొద్దిగానే మిగిలాయి. 2022 లెక్కలో 2,613 తేలాయి.

సాయంకాలం తిరిగి వచ్చేటప్పుడు అడవి అంచునున్న పెద్ద రోడ్డును గమనించండి. దాని అవతల కార్బీ కొండలున్నాయి. వానాకాలంలో బ్రహ్మపుత్ర పొంగి అడవిని ముంచుతుంది. ఆ వరద తెచ్చే ఒండ్రుతోనే గడ్డి పెరుగుతుంది. కాని నీరు తీసేదాకా జంతువులు ఈ రోడ్డు దాటి కొండలెక్కాలి. వరదను తప్పించుకున్న లేడి లారీ కింద పడితే ఎంత విచారం! అందుకే అప్పుడక్కడ బండ్లు నెమ్మదిగా పోవాలి. కాసేపు ఆగితే మనకు పోయేదేముంది?